ఆపదల డబ్బా

జేకేపూర్ కాగితం మిల్లు ఫిట్టరు కూర్మారావు ప్రతి జీతం రోజునా బిస్కెట్ల డబ్బాలో ఐదువందలు వేయడం ఆ కాలనీ చరిత్రలో ఒక శకం. డబ్బా మీద ‘ఆపదకు’ అని రాసి ఉండేది. మిక్సీ చెడినా ఆపదే, చేపలు చవగ్గా దొరికినా ఆపదే. కిందటేడు వానల్లో భార్య పైడితల్లికి ఆయాసం ఎక్కువై, కొరాపుట్ ఆసుపత్రికి కారు మాట్లాడబోతే డబ్బాలో ఇరవై రూపాయలే ఉన్నాయి. అప్పుచేసి తీసుకెళ్లాడు.

కోలుకున్నాక పైడితల్లి, “ఆపదంటే ఏటో సరిగ్గా రాయి మావా. ఎవులికి, ఎక్కడికి, ఎంత,” అంది.

అతను రాజ్యాంగం రాస్తున్నంత గంభీరంగా రాశాడు: ‘పైడితల్లి ఆయాసం. కొరాపుట్‌కి కారు. నాలుగు వేలు.’

క్రికెట్ ఫైనల్ ముందురోజు టీవీ చెడిపోయింది. కూర్మారావు డబ్బా అందుకుని, రాత చదివి, మళ్లీ అలమారలో పెట్టేశాడు.

డబ్బాలో ఇప్పుడు నాలుగు వేలున్నాయి. టీవీ ఇంకా బాగవలేదు.