జేబు కుడివైపు

నెల్లాళ్ళుగా దర్జీ పొద్దున్నే కుట్టుమిషను కంటే ముందు ప్రొజెక్టరుకు నూనె వేస్తున్నాడు. ఇంట్లో బొమ్మలు ఆడించుకునే ఆ పాతకాలపు యంత్రాన్ని తుక్కు కొట్టులోంచి మోసుకొచ్చినప్పుడు భార్య, "మన మిషను పెట్టే తిప్పలు చాలవనా, దీన్నీ తెచ్చారు?" అంది. ఆమె పసితనంలోనే తల్లి పోయింది. చిన్నాన్న తీసిన ఒకే ఒక్క ఫిల్ము చుట్ట బీరువాలో మిగిలింది. తల్లి ఎలా నడిచేదో, ఎలా నవ్వేదో ఆమె ఎరగదు. అందుకే అతను మెడలో టేపుతోనే కూర్చుని పళ్ళచక్రాల తుప్పు గీకాడు, తెగిన బెల్టుకు బదులు మిషను బెల్టు కత్తిరించి కుట్టాడు.

ఆదివారం గోడకు తెల్లగుడ్డ కట్టి ఆడించాడు. తల్లి నవ్వుతూ వచ్చి, ఎడమచేత్తో గరిటె పట్టుకుని వడ్డించింది. "అమ్మదీ పుర్రచెయ్యే! దీనికోసం పిన్ని నాకెన్ని మొట్టికాయలు వేసిందో!" అంటూ భార్య ఏడుస్తూనే నవ్వింది. అంతలో అతని కన్ను బొమ్మలో ఆవిడ పక్కనున్న మామగారి చొక్కా మీద పడింది. జేబు కుడివైపుంది. ఏ దర్జీ అలా కుట్టడు. ఫిల్ముకు రెండంచులా రంధ్రాలున్నాయి కాబట్టి, తను తిరగేసి ఎక్కించినా ఆడుతోంది, కుడిఎడమలు మాత్రం తారుమారయ్యాయి. అత్తగారిది కుడిచెయ్యే.

"ఏంటండీ, గుడ్లప్పగించి చూస్తున్నారు?"

"అచ్చం మీ అమ్మ పోలికే నీది. ఆ మొట్టికాయలు ఆవిడా తినే ఉంటుంది."

"మరే!" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "మళ్ళీ వెయ్యండి."

అతను ఫిల్మును వెనక్కి చుట్టి, తిరగేసిన వైపే చుట్ట మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ గుర్తు చూసే ఎక్కిస్తున్నాడు.