పెద్దాయన బొమ్మ మీద ఒట్టు

పెద్దాయన పోయి ఏళ్లయింది. అయినా మా పేటలో ఎవుడు ఓటడగాలన్నా ఆయన బొమ్మే. టీవీలో ఢిల్లీవోలు గూడా ఆయన పేరే తీస్తారు. బతికున్నప్పుడు ఒకపాలి మా ఇసకలోకొచ్చి, సేపల గంపతో ఉన్న నన్ను సూసి "ఏటమ్మా, బేరం బాగుందా?" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకే మా మావ, అదే నా పెనిమిటి, సచ్చేదాకా ఆ జెండా దింపలేదు. మావని సముద్రం తీసుకెళ్లిపోయాక నానూ దింపలేదు.

ఆ సముద్రమే ఇప్పుడు ఇళ్ల మీదకొచ్చేస్తన్నాది. ముందు వరస పోనాది. ఏళ్ల బట్టీ మేం అడిగింది ఒక్కటే, అడ్డంగా రాళ్ల గోడ.

మొన్నటి ఎలచ్చన్లలో పెద్దాయన పార్టీ తరపున నిలబడ్డోడు సిక్కోలు నుంచి కారులో వచ్చాడు. ఆడోళ్లం హారతి పట్టాం. తిన్నగా నా ఇంట్లో దూరి, గోడకున్న పెద్దాయన బొమ్మ మీద సెయ్యేసి "అమ్మా, ఈయన మీద ఒట్టు. గెలిస్తే మొదట మీ గోడే" అన్నాడు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేసాయి. ఆడి ముందు నడిసి, గడపగడపకీ "పెద్దాయన మీద ఒట్టేసాడే, ఎయ్యండే" అని నానే సెప్పాను. ఏసారు.

గెలిసాడు. కొన్నాళ్లకే అవతల పార్టీ కండువా కప్పుకున్నాడు. కండువాకి నాకంత మండలేదు, మీ పేపర్లో ఇది ఇలాగే రాయండి. ఆ కొత్త జెండా కారుకి గూడా పెద్దాయన బొమ్మే అంటించుకున్నాడు. నాకు మండినాది దానికి. గోడకి ఒక్క రాయి పడలేదు.

కుళాయి కాడ నన్ను సూస్తే ఆడోళ్లు మాటలాపేసేవోరు. ఈ వానల్లో మా తోటికోడలి ఇల్లు కూలిపోనాది. సామానంతా ఇసకలో పెట్టుకుని కూకున్నాది. ఎల్లి సెయ్యి పట్టుకున్నాను.

"ఒలే, ఆడు దొంగనాయాలు. పెద్దాయనుంటే ఇలాగయ్యేదేటి?"

అది సెయ్యి ఇదిలించేసింది.

"ఉన్నప్పుడు కట్టాడేటప్పా? వచ్చిన పెతీసారీ మైకులో గోడ మాటే సెప్పి ఎల్లిపోనాడు కాదా? మరి ఈడు ఎవుడి కాడ నేర్సుకున్నాడనుకున్నావ్?"

ఉన్నోడినైతే కారుకడ్డంపడి తిడతాను. సచ్చిపోనోడిని, మా మావ అంతగా నమ్మినోడిని, ఏటని తిట్టను?

దాని బిందెలు నెత్తికెత్తుకుని నా ఇంటికేసి నడిసాను. "నీ ఇల్లు మాత్రం ఎన్నాళ్లుంటాదప్పా?" అన్నాది ఎనకాలొస్తా.

"ఉన్నన్నాళ్లే. నడు" అన్నాను.