గ్యాలరీలో మాగిన డ్రమ్ము

ఎనభైలు మొదలైన కొత్తలో బొంబాయి చాల్‌లలో, అంటే వరసగా ఒంటిగది ఇళ్ళుండే బిల్డింగుల్లో, చెత్త పారేయడానికి ఎవరూ మెట్లు దిగేవారు కాదు. కిటికీ తెరిచి, కింద మనుషులెవరైనా ఉన్నారా అని కూడా చూడకుండా, రెండు బిల్డింగుల మధ్య సందులోకి విసిరేసేవారు. పాలమూరు పల్లె నుంచి కొత్తకోడలిగా కామాటిపురా వచ్చిన మర్నాడే, వంకాయ తొడిమలూ ఉల్లిపొట్టూ చాయ్‌పత్తీ కలిసి మా అత్తమ్మ చేతిలోంచి ఒక్క విసురుతో ఎగిరిపోవడం చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మా ఊళ్ళో పొట్టుంటే పెంటకుప్ప మీద పడాలి, వానాకాలానికి ఎరువై చేనికి పోవాలి. ఇక్కడ బంగారం లాంటి పొట్టు సందులో ఎలుకల పాలవుతోంది. ఆ దిగ్భ్రాంతి నుంచి నేను ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు. (ఇప్పుడు మా సొసైటీలో పచ్చ డబ్బా, నీలం డబ్బా అంటూ కుర్రవాళ్ళు పాఠాలు చెబుతుంటే వెనక వరసలో కూర్చుని ఓపిగ్గా వింటాను. నాకు ఓపిక వచ్చిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.)

అసలు గొడవంతా పుంటికూర దగ్గర మొదలైంది (మీరు గోంగూర అంటారు, అనండి, నాకేం అభ్యంతరం లేదు). మా అత్తమ్మ గదుల ముందు అందరికీ కలిపి ఉండే వరండాలో, అదే గ్యాలరీలో, కటకటాల వెంట నూనె డబ్బాల్లో పుంటికూర వేసేది. అది జానెడు ఎదిగి, పసుపెక్కి, చచ్చేది. చావదూ మరి? ఆ మట్టి మా ఆయన తెచ్చింది. ఆయన కట్టుబడి బిల్డింగుల్లో పైపుల పని చేసేవాడు, టిఫిన్ సంచిలో రోజూ కాస్త మట్టి తెచ్చి పోసేవాడు. అందులో సగం సిమెంటు. నీళ్ళు పోసినకొద్దీ గట్టిపడేది. "అత్తమ్మా, గీ డబ్బాల పుంటికూర గాదు, పిల్లర్ లేస్తది" అన్నాను ఉండబట్టలేక. కొత్తకోడలి నోటి నుంచి ఆ మాట విని గ్యాలరీ గ్యాలరీ అంతా గుడ్లప్పగించింది. అత్తమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "అయితె నువ్వే జేసి సూపియ్యి" అంది.

చూపించడానికే డ్రమ్ము తెప్పించాను. మా ఆయన దాని అడుగునా పక్కలా మేకుతో బెజ్జాలు కొట్టి, లోపల గాలి ఆడటానికి తూట్లు పొడిచిన పైపు ముక్క ఒకటి నడుమ నిలబెట్టాడు. అడుగున కొబ్బరి పీచు పరిచాను. దాని మీద కూరగాయల పొట్టు, ఆ పైన ఫోరస్ రోడ్డు వడ్రంగి దుకాణంలో అడిగి తెచ్చుకున్న రంపపు పొట్టు, మళ్ళీ కూరపొట్టు, మధ్యమధ్య పేడనీళ్ళు. తడి ఎంత వేస్తే పొడి అంతకన్నా కాస్త ఎక్కువే పడాలి. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి గాని నీళ్ళు కారకూడదు. ఇదంతా మా అమ్మ వెనక తిరిగి చూసిందే. కొన్నాళ్ళకు డ్రమ్ము మీద చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్ల నుదురులా వెచ్చగా తగిలింది. గ్యాలరీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తాకి చూసి, పొయ్యి లేకుండా ఈ వేడి ఎక్కడిదని బెదిరిపోయారు. నేను మాత్రం బిడ్డను కన్నంత గర్వంగా పక్కన నిలబడేదాన్ని.

అంతా సవ్యంగా మాగుతుండగా మా ఆడబిడ్డకు సంబంధం వచ్చింది. ఆ పిల్ల నాకన్నా కొంచెం చిన్న. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. అప్పటికే కుదిరాయనుకున్న సంబంధాలు తప్పిపోయాయి. పిల్ల నచ్చేది, మేమూ నచ్చేవాళ్ళం, ఇల్లెక్కడ అనేసరికి మొహాలు మారిపోయేవి. కామాటిపురా అంటే లోకానికి తెలిసింది ఒక్కటే, ఒళ్ళమ్ముకునే గల్లీలు. ఈ ఊరి రాళ్ళు మోసిన తెలుగు కూలీలు తరాలుగా ఇక్కడ సంసారాలు చేసుకుంటున్నారన్నది ఎవడికి కావాలి? చెబుతుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈసారి వచ్చింది దాదర్ అబ్బాయి. అక్కడేదో తెలుగువాళ్ళ ఉత్సవంలో ఒకరినొకరు చూసుకున్నారు, మా పిల్ల కూడా మనసు పడింది. "వదినా, గిది గూడ పోతే ఇగ నేను ఎవ్వల ముంగట గూసోను" అంది నాతో. నవ్వుతూనే అంది గాని, అనే లోపల ఓణీ చివర నమిలి నమిలి తడిపేసింది.

అబ్బాయి తండ్రి మెడలో తులసిమాల వేసుకుని భజనలు చేయించే మనిషి. మాలో మేము ఆయన్ని తులసిమాల మామ అనుకునేవాళ్ళం. మాంసం ముట్టడు, మందు వాసన తగిలిన ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగడు అని ముందే కబురొచ్చింది. అత్తమ్మ నన్ను పిలిచి, "వాళ్ళొచ్చే ఆదివారం నాటికి నీ డ్రమ్ముల ఉన్నది మట్టన్న గావాలె, లేకుంటె సందులనన్న పడాలె" అని తేల్చి చెప్పింది. సందులోనా? నా డ్రమ్మా? తొందరగా మాగాలంటే మా ఊళ్ళో బెల్లంనీళ్ళు చల్లేవారని గుర్తొచ్చింది. గుప్పెడు బెల్లానికి గంప పొట్టు అన్నది మాత్రం గుర్తు రాలేదు. నల్లబెల్లం పాకంలా కలిపి పోశాను. బండ్ల మీద మిగిలిపోయిన మెత్తటి అరటిపళ్ళు, సపోటాలు అడిగి తెచ్చి కుమ్మరించాను. పైన తడిగోనె బిగించి కట్టాను. వచ్చేవాళ్ళ కంట పడకుండా అత్తమ్మ పాత చీర కప్పాను. కొస బయటికి కనిపిస్తున్న పైపును ఏం చేయాలో తోచక అలాగే వదిలేశాను.

ఆదివారం పొద్దున వాళ్ళు మెట్లెక్కి వచ్చారు. ముందు తులసిమాల మామ, వెనక ఆయన భార్య, ఆ వెనక పెళ్ళికొడుకు. గ్యాలరీ మలుపు తిరగ్గానే మామ టక్కున ఆగిపోయాడు. ముక్కుపుటాలు కదిలాయి. నాకు తెలిసినంతలో అది మాగిన అరటిపండు వాసన, అంతే. మా గల్లీల్లో దొంగచాటుగా సారా కాచే హాథ్‌భట్టీల వాసన ఎలా ఉంటుందో చాల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసట, నాకొక్కదానికే తెలియదు. మామ భార్య చీర లాగి చూసింది. వెచ్చటి డ్రమ్ము, తడిగోనె, దాని అంచున నురగ, నడుమ పైపు. ఆమె చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"సారా గాస్తుండ్రా? పిల్లను సూడ రమ్మని, ఇంటి ముంగటనే?"

మా ఆయన "కాదమ్మా, గది పొట్టు, గది పైపు, పైపు నేనే పెట్టిన" అని ఉన్న పరువు కూడా తీశాడు. పరదా వెనక కప్పులు గలగలమన్నాయి. అవి మా ఆడబిడ్డ చేతిలోవి. ఆ చప్పుడు వినేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గోనె పీకి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి ఆమె మొహం ముందు పెట్టాను. "సూడున్రి, గిదా సారా?" గుప్పిట్లో నల్లటి ఎరువు, దాన్నిండా తెల్లగా, లావుగా, లుకలుకలాడే పురుగులు. ఆమె వెనక్కి గెంతి కొడుకు కాలు తొక్కింది. సంబంధాన్ని నా చేత్తోనే పాతిపెట్టానని ఆ క్షణంలో అర్థమైంది.

అప్పుడు మామ ముందుకొచ్చాడు. డ్రమ్ము మీదికి వంగి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చాడు.

"భట్టీ గాదు" అన్నాడు నిమ్మళంగా. "భట్టీ అయితె సారాల గలిపే నవసాగరం ఘాటు నెత్తికెక్కాలె. గిది ఉత్త బెల్లం, కేలా. మల్ల పైపు గిట్ల నిలువుగ ఎవ్వడు వెట్టడు, వంచి వెడ్తరు. పాపం, ఆ పిల్ల ఎరువే జేస్తుంది."

మాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే, ఆయన అన్నదేమిటో ఒక్కొక్కరికే తలకెక్కింది. ఆయన భార్య చాలా నెమ్మదిగా అటు తిరిగింది.

"నీకెట్ల ఎరుక?"

"బాబా, గప్ప్ బసా నా" అని పెళ్ళికొడుకు మరాఠీలో బతిమాలాడు, ఇక నోరు విప్పొద్దని. మామ మాలను గుప్పిట పట్టుకున్నాడు. "మా నాయిన గాసెటోడు. నేను గోనెలు తడిపెటోణ్ణి" అన్నాడు.

"దాదర్లనా?"

"దాదర్ల గాదు. గీ ఎనక గల్లీలనే. గీడనే పుట్టిన."

"మరి మా నాయినకు దాదర్ అని జెప్పినవ్ గద."

"కామాటిపురా అంటె మీ నాయిన పిల్లనిస్తుండెనా?"

నా చేతిలోని పురుగులు మణికట్టు దాటి పైకి పాకుతున్నా దులుపుకోవాలని తోచలేదు. ఇన్నేళ్ళ కాపురంలో భార్యకు కూడా చెప్పుకోలేని ఊరా మాది? పరదా తీసుకుని మా ఆడబిడ్డ చాయ్‌తో బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఈసారి కప్పులు గలగలమనలేదు. మామ భార్య ఆ పిల్లను చాలాసేపు చూసింది. కప్పు అందుకుంది, కుర్చీలో కూర్చుంది, చివరి చుక్క వరకు తాగింది.

"పిల్ల మాకు నచ్చింది. లగ్గం బెట్టుకుందం" అంది అత్తమ్మతో. తర్వాత మొగుడి వైపు చూడకుండానే, "ఈయన సంగతి ఇంటికి వొయినంక సూస్త" అంది.

వాళ్ళు వెళ్ళాక డ్రమ్మంతా బోర్లించి, రంపపు పొట్టు దండిగా కలిపి, ఆరబెట్టి, మళ్ళీ నింపి తిరగేస్తూ వచ్చాను. పుల్లవాసన పోయింది. పెళ్ళినాటికి అది నల్లగా, పొడిపొడిగా, తొలివాన పడ్డ చేను వాసనతో తయారైంది. ఆ ఏడు పుంటికూర నా నడుం దాకా లేచింది. అత్తమ్మ గ్యాలరీ అంతా పంచిపెట్టింది, డ్రమ్ము ఐడియా తనదేనని చెప్పి మరీ.

ఆ తర్వాత తులసిమాల మామ ఆదివారాలు గ్రాంట్ రోడ్డులో రైలు దిగి, సంచీ నిండా కూరపొట్టు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. సంచీ నా చేతికిచ్చి వెనక గల్లీలోకి వెళ్ళేవాడు. పాత ఇళ్ళ ముందు నిలబడి, కనబడ్డ ముసలివాళ్ళందరినీ వరసలు పెట్టి పలకరించి, పొద్దెక్కాక వచ్చేవాడు. "దాదర్ల చెత్తడబ్బ లేదా మామా?" అని ఒకసారి అడిగాను. "ఉన్నది బిడ్డా. గాని గీ పొట్టు సాకు లేకుంటె నన్ను ఈడికెందుకు రానిస్తది మా ఆమె?" అన్నాడు.

ఓసారి ఆ సంచీ డ్రమ్ములో కుమ్మరిస్తుంటే పొట్టు నడుమ కాగితంలో చుట్టిన చేప ముళ్ళు బయటపడ్డాయి. మాల వేసుకున్న మనిషి సంచీలో చేప ముళ్ళు! డ్రమ్ములో చేప పడితే వాసన లేస్తుంది, పిల్లులు చేరతాయి, ఇంకెవరైనా అయితే గ్యాలరీ దద్దరిల్లేలా అరిచేదాన్ని. మామ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ముళ్ళను అడుగుదాకా తోసి, పైన నాలుగు గుప్పిళ్ళ రంపపు పొట్టు కప్పి, "చాయ్ తాగుతవా మామా?" అన్నాను. నోటి దురుసు కోడలని పేరు మోసిన ఆ పిల్లకు (నేనేలెండి) అంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.