తిరగేసిన కవరు

మొన్న మా మనవరాలికి కొరియరులో ఏవో చెప్పులు వచ్చాయి. చెప్పులు కాళ్లకు తొడుక్కుని, అవి వచ్చిన కవరును రెండుగా చించి చెత్తబుట్టలో వేసింది. నేను వంగలేక వంగి దాన్ని బయటికి తీసి, చిరిగిన చోట వేలు పెట్టి లోపలికి తొంగి చూశాను. "ఏంది అవ్వా, అందులో బంగారమేమన్నా ఉండాదా?" అని నవ్వింది. ఏ కవరైనా సరే, పారేసే ముందు లోపలి వైపు చూడకుండా ఉండలేని అలవాటు నాకు ముప్పయ్యేళ్ల పైనుంచీ ఉంది. అది ఎలా అంటుకుందో ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. గంజి గిన్నె, పురికొస, కాగిన లక్క వాసన ఎరిగిన నా యీడు వాళ్లు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను. నా చదువు అయిదో తరగతితో ఆగింది, తప్పులుంటే మీరే దిద్దుకోవాలి.

మా పుట్టిల్లు ఉదయగిరి. మా నాయన కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఒక కొమ్మ చేతికి రాగానే అందులో గరిటె ఎంతవరకు వస్తుంది, చెంచాకు ఎంత మిగులుతుంది, దువ్వెనకు పనికొచ్చేదేమన్నా ఉందా అని కత్తి పెట్టకముందే చూసుకునేవాడు. రాలిన పొట్టును మా అమ్మ పొయ్యిలో వేసేది. పారేయడమన్న మాట మా ఇంట్లో వినపడేది కాదు. నన్ను ఆత్మకూరులో ఇచ్చారు. మా ఆయన అక్కడ ఒక ఆఫీసులో అటెండరు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు కామెర్లతో పోయాడు, ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి మా కూతురు మూడో తరగతి. ఆ ఉద్యోగం తప్ప మాకు ఇంకో ఆధారం లేదని ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ఆఫీసులో నాకు పేరు తెచ్చింది కవర్లు తిరగెయ్యడం. ఇప్పటి వాళ్లకు ఇది తెలియదు. తపాలాలో వచ్చిన కవరును పారేయకుండా, మరిగే నీళ్ల ఆవిరి మీద పట్టి అతుకులు విప్పి, పరిచి ఆరబెట్టి, లోపలి వైపు బయటికి వచ్చేట్టు మడిచి గంజితో మళ్లీ అతికిస్తే కొత్త కవరు తయారు. పాత అడ్రసు, స్టాంపు బిళ్లలు, ముద్రలు అన్నీ లోపలికి పోతాయి. గంజి కలపడానికీ, మడతలు నొక్కడానికీ మా నాయన ఇచ్చిన కొయ్య గరిటె ఒకటి ఉండేది. స్టోరు నుంచి కవర్లు అడగని ఏకైక అటెండరునని హెడ్ గుమాస్తా నలుగురిలో అనేవాడు. ఆ మాటకు నాకు గర్వంగా ఉండేదని దాచడమెందుకు.

ఆ రోజుల్లోనే సీతారామపురం వైపు మెట్ట మీద ఒక చెరువు తెగింది. తూము పక్కన కట్ట కోసుకుపోయి, నీళ్లన్నీ కింది పల్లె మీద పడ్డాయి. ఇండ్లు పోయాయి, ముగ్గురు మనుషులు పోయారు. ఆ పల్లె వాళ్లు తరతరాలుగా ఆ చెరువులో చేపలు పట్టుకుని, మిగిలిన రోజుల్లో కూలికి పోయేవాళ్లు. చెరువును చూసే ఆఫీసు వాళ్లు మాత్రం, చేపల కోసం పల్లె వాళ్లే తూము తలుపు ఎత్తి పాడు చేశారనీ, కట్ట అందుకే తెగిందనీ రాసేశారు. మునిగిన వాళ్ల మీదే నేరం పడింది. గొడవ పెద్దదై, రిటైరైన జడ్జి ఒకాయనను విచారణకు వేశారు. ఆయన ఆత్మకూరు బంగళాలో కూర్చున్నారు. ఆఫీసుల నుంచి జప్తు చేసిన కాగితాలు గోతాల్లో వచ్చి పడ్డాయి. వాటికి కాపలాగా నన్ను పంపించారు, తక్కువ మాట్లాడుతాను, ఏదీ పోగొట్టను అని.

నా పని ఇది. జడ్జి గారి పక్కన కూర్చునే గుమాస్తాను పేష్కారు అనేవాళ్లు. ఆయన కాగితం చూసి నంబరు వేస్తే, నేను దాన్ని కవరులో పెట్టి పురికొసతో కడతాను. ఆయన ముడి మీద లక్క పోసి ముద్ర కొడతాడు. తర్వాత అది బీరువాలోకి పోతుంది. తాళంచెవి నా నడుముకు. ఒకసారి ముద్ర పడ్డాక జడ్జి గారి ఎదుట తప్ప విప్పకూడదు. రెండో వారానికే కవర్లు అయిపోయాయి. పేష్కారు నెల్లూరికి రాస్తానంటే, వద్దు నేను చేస్తానన్నాను. ఆ గోతాల్లోనే పనికిరాని కాగితాల మధ్య ఖాళీ కవర్లు బోలెడు ఉన్నాయి. వాటిని ఏరి, తిరగేసి, ఎండబెట్టి నలభై దాకా చేశాను.

చివరి రోజు పొద్దున పల్లె నుంచి ఒక పెద్దామె సాక్ష్యానికి వచ్చింది. ఎండిన చేప లాంటి మనిషి, ఒళ్లంతా ఎముకలే గానీ గొంతు మాత్రం బంగళా వెనక వంటింటి దాకా వినిపించింది. కట్ట తెగకముందే తూము దగ్గర నీళ్లు ఊరుతున్నాయని తాము ఆఫీసుకు అర్జీ పంపామని చెప్పింది. పేష్కారు ఆ అర్జీని బయటికి తీశాడు. కట్టల్లో దొరికింది, కానీ దాని మీద తేదీ లేదు, ఆఫీసులో చేరినట్టు నంబరూ లేదు. ఆఫీసు తరఫు వకీలు లేచి, ఇది కట్ట తెగాక రాసి ఎవరి చేతనో ఫైల్లో పెట్టించిన కాగితమని అన్నాడు.

"ఎవురి చేతనో పెట్టించే తాహతు మాకేడిదయ్యా," అందామె. "ఉదయగిరి పోస్టాఫీసుకు నేనే నడిచిపొయినాను. నా ముందరే ముద్ర గుద్దినాడు. మంచి జరగాలని కవరుకు నాలుగు మూలలా పసుపు పూసి మరీ ఏసినాను."

"శుభలేఖ అనుకున్నావా అర్జీ అంటే?" అన్నాడు వకీలు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. బీరువా పక్కన నిలబడ్డదాన్ని, నా చెయ్యి నడుముకున్న తాళంచెవి మీదికి పోయింది. మూడు వారాల కింద, ఆ ఆఫీసు గోతం విప్పిన రోజు, మూలలకు పసుపు పూసిన కవరొకటి విడిగా నా చేతికి వచ్చింది. ఎవరో గుమాస్తాకు వచ్చిన పెళ్లి శుభలేఖ తాలూకు కవరు కాగితాల్లో కలిసిందనుకుని, ఇది సర్కారుది కాదులే అని ఖాళీ కవర్లలో పడేశాను. గంజి పూస్తుంటే గరిటె అంచుకు పసుపు అంటింది, కొంగుతో తుడిచాను కూడా. అర్జీకి పసుపు పూస్తారని నాకు తోచలేదు. మా ఇండ్లలో పసుపు మూలల కవరంటే పెళ్లి కబురే.

జడ్జి గారు ఆ కవరేదని అడిగారు. పేష్కారు లిస్టు చూసి, కవరు రాలేదండి అన్నాడు. తేదీ తెలిపే ఆధారం లేకపోతే అర్జీని లెక్కలోకి తీసుకోవడం కష్టమనీ, భోజనాలయ్యాక సాక్ష్యాలు మూసేస్తాననీ జడ్జి గారు చెప్పి లేచారు.

ఆ గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తుంది. సద్దిగిన్నె మూత తీయలేదు. పేష్కారును పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది. "నోరు మూసుకోని ఉండు. రాలేదంటే దాంతో సరిపోతుంది. నువ్వు చెప్తే నీ ఉద్యోగం ఉండదు, నాకూ మాటొస్తుంది. బిడ్డను పెట్టుకోని నీకెందుకివన్నీ?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా మేలు కోరే అన్నాడు. కూతురు బడి నుంచి వచ్చే దారి కళ్ల ముందు మెదిలింది. జీతం లేకపోతే ఉదయగిరికి పోయి మా నాయన పక్కన ఉప్పుకాగితంతో గరిటెలు రుద్దుకుంటూ కూర్చోవాలి. అప్పటికే ఆయనకు కళ్లు సరిగా కనపడటం లేదు.

బయట మెట్ల మీద ఆ పెద్దామె రాగిసంకటి ముద్ద తింటోంది. నేను నీళ్ల చెంబు ఇస్తే తాగి, ఎవరితోనో చెబుతున్నట్టు అంది: "మావోళ్లు చేపల కోసరం తూము ఎత్తినారంట పాపా. నీళ్లు పోతే మాకు చేపలేడివి? ఈ మాత్రం తెలియకపాయనే చదువుకున్నోళ్లకు. నా మనవడు నీళ్లల్లో పొయ్యినాడు. వాడి నాయనే తూము ఎత్తినాడని రాసినారు."

నేను చెంబు తీసుకుని లోపలికి వచ్చాను. ఆమె మీద జాలితో నిర్ణయం తీసుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజం అది కాదు. ఏదీ పోగొట్టని మనిషినన్న పేరు మీదనే నేను అంతవరకూ బతికాను. చేతికొచ్చినదాన్ని రాలేదని ఇంకొకరి నోటితో చెప్పించడం నాకు మింగుడు పడలేదు, అంతే.

జడ్జి గారు వచ్చి కూర్చోగానే నేను ముందుకు పోయాను. "అయ్యా, ఆ కవరు వచ్చింది. శుభలేఖ అనుకోని నేనే తిరగేసినాను. ఈ బీరువాలో తిరగేసిన నలభైలో ఏదో ఒకటి అదే," అన్నాను. పేష్కారు తల ఎత్తలేదు. వకీలు మాత్రం వెంటనే లేచాడు. భోజనాల వేళ ఈమె, ఆ ముసలామె మెట్ల మీద మాట్లాడుకోవడం తాను చూశాననీ, కవరు అప్పుడే పుట్టి ఉంటుందనీ అన్నాడు. దొంగ కాగితం పుట్టించానని నా మీద మోపుతారని అంతవరకూ అనుకోలేదు.

జడ్జి గారు ఆయన్ను కూర్చోమని, బీరువా తెరవమన్నారు. ఆయన్నూ, పల్లె వాళ్ల తరఫు వకీలునూ దగ్గరికి పిలిచి, ఒక్కొక్క కవరూ విప్పే ముందు లక్క ముద్ర పగలలేదని చూసి సంతకం చెయ్యమన్నారు. ఒకటి విప్పాం. లోపల కరెంటాఫీసు అడ్రసు. రెండోది, మూడోది కాదు. విప్పినదాన్ని మళ్లీ కట్టడం, లక్క పోయడం, సంతకాలు. నా వేళ్లకు లక్క చురుక్కుమంటున్నా చెయ్యి తీయలేదు. పదో కవరు కూడా కాకపోయేసరికి వకీలు, "ఇంకెన్ని శుభలేఖలున్నాయమ్మా నీ దగ్గర?" అన్నాడు. పెద్దామె వెనక నుంచి, "నీకేం తొందరయ్యా, కూడు తిన్నావు గదా," అంది. జడ్జి గారు ఆమెను వారించలేదు.

ఇరవై మూడోది చేతికి తీసుకోగానే నాకు తెలిసింది. అతుకు దగ్గర గంజి పసుప్పచ్చగా ఎండి ఉంది. అందులో తెగిన కట్ట ఫోటోలు మూడు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, గరిటె కాడతో అతుకు లేపి, కవరును పరిచి బల్ల మీద పెట్టాను. నాలుగు మూలలా పసుపు. అర్జీ రాసిన చేతిరాతలోనే అడ్రసు. బిళ్ల మీద ఉదయగిరి పోస్టాఫీసు ముద్ర. జడ్జి గారు భూతద్దం పెట్టి చదివారు. చెరువు తెగడానికి పద్దెనిమిది రోజుల ముందటి తేదీ.

వకీలు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆ కవరు రెండు వారాల కిందటే, ఆయన కూడా చూస్తుండగా కట్టి, ముద్ర వేసి బీరువాలో పెట్టింది. భోజనాల వేళ పుట్టిందనడానికి వీల్లేదు. నేను చేసిన తప్పే దానికి తాళం వేసి కాపాడింది. అది మామూలుగా అర్జీ వెనక గుచ్చి ఉంటే ఎవరైనా పీకేసి ఉండేవాళ్లేమో కూడా. అయినా తప్పు తప్పే.

నాకు మెమో ఇచ్చారు. అజాగ్రత్త అని నా సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఒక వాక్యం ఉండిపోయింది. ఉద్యోగం మాత్రం పోలేదు. స్వయంగా చెప్పినందువల్ల అని జడ్జి గారు రాశారట. పేష్కారు తర్వాత నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. పల్లె వాళ్ల తప్పు లేదని రిపోర్టులో వచ్చిందని ఏడాది తర్వాత తెలిసింది. ఆఫీసు వాళ్లలో ఎవరికి ఏమైందో నాకు తెలియదు, రిపోర్టును చూసిన వాళ్లను కూడా నేను కలవలేదు. ఆ సాయంత్రం బస్సెక్కబోతూ పెద్దామె నా దగ్గరికి వచ్చి, పైనుంచి కిందికి చూసి, "దాచిందానివీ నువ్వే, తీసిందానివీ నువ్వే. నీకు దండం పెట్టాల్నో, తిట్టాల్నో తెలియకుండా ఉండాది పాపా," అంది. రెండూ చెయ్యకుండానే బస్సెక్కింది. నాకు అది న్యాయమే అనిపించింది.

మా మనవరాలు ఇప్పుడు నెల్లూరులో పాత ఆఫీసు కాగితాలను మిషను కింద పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగం చేస్తోంది. ఎక్కించాక కాగితాలను కట్టలు కట్టి మిల్లుకు పంపేస్తారట. ఇక ఏదీ పోదు అవ్వా, చెద పట్టదు, తడవదు అని చెబుతుంది. అది మంచిదే, కాదనను. కవర్లను కూడా ఎక్కిస్తారా అని అడిగాను. "కవర్లు ఎవురు ఎక్కిస్తారవ్వా?" అంది.

చెత్తబుట్టలోంచి తీసిన ఆ చెప్పుల కవరును మడిచి నా పెట్టెలో పెట్టుకున్నాను, మా నాయన గరిటె పక్కన. అది ప్లాస్టిక్కుది. తిరగెయ్యడానికి రాదు, గంజి అంటదు. దేనికి పనికొస్తుందో ఇంకా తెలియలేదు.