పడుగు దిగే దాకా ఆగని గడ్డ

2022లో నేను ధర్మవరంలోని ఒక చిన్న ఆసుపత్రిలో సర్జన్ గారి దగ్గర నర్సును. బడి చూడని నాకు మా అమ్మ ఇంట్లోనే చదువు చెప్పి, ప్రైవేటుగా పరీక్షలు కట్టించి, నర్సింగ్‌లో చేర్పించి, ఈ పనికి పంపింది. ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ వేసవిలో పట్టుచీరలు నేసే ఓబులేసు వచ్చాడు. కుడి తొడలో, బాగా లోతున, మామిడికాయంత గడ్డ.

"నొప్పి ఉందా అన్నా?"

"నొప్పి యాడిది సిస్టరమ్మా! మగ్గం గుంతలో కాళ్లతో పలకలు తొక్కి తొక్కి కండ గట్టిపడినాది. కోసి పారేయండి, సాయంత్రానికి పనికి పోతా."

తొక్కే కాలికి గడ్డ వస్తే అది పని చేసిన గుర్తేనని ఆ నేతగాళ్ల వీధుల్లో చాలామంది నమ్మకం. అతను చాలా నెలలుగా ఆముదం రాసి మర్దన చేయించుకుంటున్నాడట.

సర్జన్ గారు కత్తి పట్టలేదు. ముందు ఎంఆర్ఐ అన్నారు, గడ్డ ఎంత లోతుకు పోయిందో చూపే స్కాన్ అది. తర్వాత బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. అదేమిటో తెలియకుండా కోస్తే, ఒకవేళ క్యాన్సర్ అయితే అది చుట్టుపక్కల కండలోకి చెదిరిపోవచ్చు, అప్పుడు కాలు దక్కడం కష్టమని చెప్పారు.

రిపోర్టులో సార్కోమా అని వచ్చింది. కండ, కొవ్వు, ఎముకల్లో పుట్టే అరుదైన క్యాన్సర్. దేవుని కృప, ఛాతీ స్కానులో చూస్తే ఊపిరితిత్తులకు పాకలేదు. వెంటనే బెంగళూరు వెళితే కాలు ఉంచి గడ్డను మాత్రమే తీయవచ్చు. ఆలస్యమైతే పెద్ద రక్తనాళాన్ని చుట్టేస్తుంది.

ఓబులేసు ఒప్పుకోలేదు. "మగ్గానికెక్కించిన పడుగు దారాల మీద ఇంకా రెండు చీరలుండాయి. అవి దిగినాంక పోతా. నడిమధ్యలో చేయి మారితే నేత మారిపోతాది. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారి ముందర తలెత్తలేను."

ఆసుపత్రి వరండాలో పక్కనే కూర్చున్న అతని భార్య సుజాత అందుకుంది. "ఏమప్పా, కాలు పోతే ఎవురు తొక్కేది, షావుకారా? మగ్గంలో నేను కూర్చుంటా."

"నీకేం వచ్చు? దారం కండెలు చుట్టేదానివి."

"ఇన్నేండ్లు నీ పక్కన కూర్చోని గోడకల్లా చూస్తాంటినా?"

వరండాలో అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. మర్నాడే తమ్ముడితో కలిసి బెంగళూరు రైలెక్కాడు.

అక్కడ ముందు రేడియేషన్ ఇచ్చారు. తర్వాత గడ్డతో పాటు చుట్టూ కొంత మంచి కండ కూడా తీశారు. ఆ అంచును మార్జిన్ అంటారు. దానిలో క్యాన్సర్ లేదని తేలిన రోజు సుజాత నాకు ఫోన్ చేసింది. "సిస్టరమ్మా, కాలుండాది! అంచులు శుభ్రమంట!" డ్రెస్సింగ్ గదిలో గ్లౌజులతోనే నిలబడి ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.

కొన్ని నెలల తర్వాత వాళ్ల ఇంటికి పిలిస్తే వెళ్లాను. ఓబులేసు గుంతలోకి దిగాడు. మొదట కాలు వణికింది, ఆ తర్వాత మగ్గం ఆగకుండా ఆడింది.

"సుజాత నేసిన చీర షావుకారు కనిపెట్టినాడా?" అని అడిగాను.

"యాడ! నేనే కనిపెట్టినా," అన్నాడు. "నా నేత కన్నా బిగువుగా ఉండాది!"

అప్పటి నుంచి రోగికి సర్జన్ గారు చేయాల్సింది చెప్పాక, ఇంటి దగ్గర ఏ పని ఆపుతోందో కూడా అడుగుతున్నాను. నిరుడు భుజంలో గడ్డతో కదిరి వైపు నుంచి వచ్చిన రైతు, వేరుశనగ పీకినాకే స్కానుకు పోతానన్నాడు. నేను అతని వెంట వచ్చిన అక్క వైపు తిరిగాను.

"చేను ఎవరు పీకగలరమ్మా?"

"మేం పీకుతాం," అంది ఆమె. "వీన్ని పంపించండి."