గవర్నరు గారి కొంపాద్రెలు

దోన్ ఎవారిస్తోకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ పసిబిడ్డ ఏడుపు వినిపించినా ఆగి, "ఈ బిడ్డకు జ్ఞానతండ్రి ఎవరు?" అని అడిగేవాడు. "ఇంకా అనుకోలేదండీ" అన్నారో, అయిపోయిందే. చర్చిలో జ్ఞానస్నానానికి బిడ్డను ఎత్తుకునేది ఆయన, విందు పెట్టేది ఆయన. ఆ బిడ్డ తండ్రి ఆనాటి నుంచి ఆయనకు కొంపాద్రె. మెక్సికోలో అన్నదమ్ములు తన్నుకోవచ్చు గాని, కొంపాద్రెలు గొంతు కూడా పెంచకూడదు. చచ్చేదాకా "మీరు", "గారు" అనుకోవలసిందే.

ఆయన భార్య దోన్యా ఒతీలియాకు ఈ జబ్బంటే ఒళ్లుమంట. రాష్ట్రానికి గవర్నరు ఇల్లన్న పేరే గాని, ఆదివారం పొద్దున ప్రశాంతంగా కాఫీ తాగే యోగం లేదు. దీవెనలకని వచ్చిన జ్ఞానపుత్రులు వంటింటి దాకా వరస కట్టేవారు.

"ఏమయ్యా, పన్నులు వసూలు చేసుకు రమ్మంటే పిల్లల్ని వసూలు చేసుకొస్తావేం?"

"ఏం చేయను ఒతీలియా, ఆ పిల్ల నా వేలు పట్టుకుంది."

"పసిపిల్లలు పిల్లి తోకైనా పట్టుకుంటారు!"

ఒకసారి కాలువ నీళ్ల కోసం రెండు ఊళ్లవాళ్లు కత్తులు తీశారు. సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్లమన్నారు సలహాదారులు. ఆయన టర్కీ కోళ్లను వెంటబెట్టుకుని వెళ్లాడు. పై ఊరి పెద్దకు కొత్తగా పుట్టిన కూతుర్ని కింది ఊరి పెద్ద చేత ఎత్తించి, జ్ఞానస్నానం చేయించి, అందరికీ భోజనాలు పెట్టించాడు. సాయంత్రానికి ఆ పెద్దలిద్దరూ "కొంపాద్రె గారూ, ముందు మీ పొలానికి పెట్టుకోండి", "అబ్బే, ముందు మీరు" అంటూ మర్యాదలు చేసుకుంటుంటే, నీళ్లన్నీ ఎవరికీ కాకుండా కిందికి పోయాయి. ఒతీలియా మాత్రం, "టర్కీ కూర కోసం వెళ్లాడు" అనే నమ్మింది.

ఆ తరవాత బట్టల మిల్లులో సమ్మె అణచమని రాజధాని నుంచి హుకుం వచ్చింది. అణచడానికి వెళ్లిన మనిషి సమ్మె నాయకుడి కవలలకు జ్ఞానతండ్రి అయి తిరిగొచ్చాడు. "కొంపాద్రె మీదికి పోలీసుల్ని ఎలా పంపను?" అని పైకి తంతి కూడా ఇచ్చాడు. పైవాళ్లు తలలు పట్టుకుని, పసిపిల్లలు లేని ఉద్యోగమేదీ దొరకక, చివరికి దక్షిణాన ఉన్న ఒక చిన్న అరటితోటల దేశానికి రాయబారిగా పంపేశారు.

"పోనీలే, అక్కడ మనల్ని ఎరిగినవాళ్లే ఉండరు" అని ఒతీలియా హాయిగా పెట్టెలు సర్దింది.

వాళ్లు కుదురుకునేలోగానే ఆ దేశంలో సైన్యం గద్దెనెక్కింది. పాత ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారని బడిపంతుళ్లను కూడా వెతికి మరీ పట్టుకుపోతున్నారు. మెక్సికో రాయబారి ఇంటి గేటు దాటి లోపలికొస్తే మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. అందుకే ఎవరినీ లోపలికి పోనివ్వకుండా గేటు బయట సిపాయిలను పెట్టారు. వాళ్లకు పెద్ద కెప్టెన్ బర్రాంతెస్.

ఎదురుగా రొట్టెల దుకాణం వెనక, పిండి బస్తాల మధ్య ఒక పంతులు, నెలలు నిండిన భార్య దెల్ఫీనా దాక్కుని ఉన్నారని చాకలామె వచ్చి చెప్పింది. ఒతీలియాకు ముద్ద దిగలేదు. "ఏదో ఒకటి చెయ్యవయ్యా!" అంది భర్తతో.

ఆయన కాఫీ కప్పు పట్టుకుని నేరుగా గేటు దగ్గరికి నడిచాడు.

"కెప్టెన్ గారూ, మీ ఇంట్లో పసిబిడ్డ ఉందటగా. జ్ఞానతండ్రి ఎవరు?"

ఒతీలియా నెత్తి బాదుకుంది. "అక్కడ ఆ దెల్ఫీనా ప్రాణం మీదికొస్తే నీకు విందు కావలసొచ్చిందా? అదీ మన ఇల్లు చుట్టుముట్టినవాడితోనా!"

"తుపాకీ వాడిది ఒతీలియా. బిడ్డేం చేసింది?"

కెప్టెన్ సరేనన్నాడు, చర్చిలో జ్ఞానస్నానం అయింది. విందు పెట్టేది జ్ఞానతండ్రి గనక, విందు జ్ఞానతండ్రి ఇంట్లోనే. సొంత కూతురి విందుకొచ్చే అతిథులను ఏ తండ్రి ఆపుతాడు? గేటు బార్లా తెరుచుకుంది. బంధువులొచ్చారు, వాళ్ల వెనకే ఎవరెవరో వచ్చారు. గిటారు తలకిందులుగా పట్టుకుని పంతులు వచ్చాడు. పక్కనే శాలువా కప్పుకుని దెల్ఫీనా.

"ఈయనెవరు కొంపాద్రె గారూ?" అన్నాడు కెప్టెన్.

"సంగీతం."

"ఆవిడ?"

"మా కొంపాద్రె భార్య."

"ఏ కొంపాద్రె?"

"ఇంకా కాలేదండీ. కాన్పు కావాలిగా."

కెప్టెన్ మీసం కొరుక్కుని పక్కకు తప్పుకున్నాడు.

మెక్సికో వాళ్ల ఎండుమిరప పులుసు మోలె కలుపుతున్న ఒతీలియా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇదంతా ముందే అనుకున్నావా?"

"విందు పెడదామని మాత్రమే అనుకున్నా" అన్నాడాయన నోటినిండా కూరతో. ఆ మొహం చూసి, కాలువ దగ్గర తిన్న టర్కీ కూర సంగతి మొదటిసారి అర్థమైందావిడకు.

చీకటిపడేసరికి కెప్టెన్ మళ్లీ గేటు దగ్గర నిలబడ్డాడు. "చాలామంది వచ్చారు, కొద్దిమందే వెళ్లారు. నన్ను అడిగితే పైవాళ్లకు ఏం చెప్పను కొంపాద్రె గారూ?"

దోన్ ఎవారిస్తో జవాబు వెతుక్కునేలోగా ఒతీలియా పళ్లెం నిండా అన్నం, మోలె పెట్టుకుని ముందుకొచ్చింది.

"కొంపాద్రె గారూ, లోపల పుట్టబోయే బిడ్డకు జ్ఞానతండ్రి కావాలి. మా ఆయన్ని అడగను. ఆయనకు ఇప్పటికే పిల్లలు పొంగిపొర్లుతున్నారు. మీరుంటారా?"

దోన్ ఎవారిస్తో నోరు తెరుచుకుని భార్యను చూశాడు.

కెప్టెన్ కిటికీలోంచి కనిపిస్తున్న దెల్ఫీనా వంక చూశాడు. "అయితే ఆ బిడ్డకు ఏ హానీ రాకుండా చూసుకునే పూచీ నాదేనా?"

"మీదే. బిడ్డను కన్నవాళ్ల పూచీ కూడా మీదే."

కెప్టెన్ సిపాయిల వైపు తిరిగి, "ఒరేయ్, అతిథులంతా వెళ్లిపోయార్రా. గేటు వేసెయ్యండి!" అని కేకేశాడు. తరవాత పళ్లెం అందుకుని, ఒక ముద్ద తిని, కళ్లలో నీళ్లు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఆ విందుకి మాత్రం కాస్త కారం తగ్గించండమ్మా. పెట్టేది నేనేగా."