మ్యాచింగ్ కాని చేపలు

ఎల్లారెడ్డిలో మ్యాచింగ్ సెంటర్ నడిపే సాయిలత రంగుల విషయంలో సుప్రీంకోర్టు. చీర కొంగును గుమ్మం వెలుతురులోకి లాగి, ఒక కన్ను మూసి, జాకెట్ ముక్క మీద తీర్పు చెప్పిందంటే ఇక అప్పీలు లేదు. దుకాణంలోని గాజుతొట్టెలో ఒంటరిగా తిరిగే ఎర్ర ఫైటర్ చేపకు తోడు తెచ్చినప్పుడూ ఆ శాస్త్రమే పాటించింది. అచ్చం అదే ఎరుపు, అదే కుచ్చుల తోక ఉన్న గప్పీ చేపలు నాలుగు తెచ్చి వదిలింది. తనలాంటిది ఎదురుపడితే ఫైటర్‌కు అది పగవాడే. సాయంత్రానికల్లా గప్పీల తోకలు పీలికలయ్యాయి. “ఇంకోసారి గిట్లయితే ఆ రౌడీని వాపస్ ఇచ్చేస్త,” అన్నాడు భర్త రమేశ్.

ఆమె గప్పీలను వేరే బకెట్లోకి మార్చి, మర్నాడు కామారెడ్డి బస్సెక్కింది. చేపల దుకాణం షహబాజ్‌తో, “మెరిసేటియి వద్దు భాయ్, పొడుగు తోకలొద్దు. దాని కంట్ల పడనియి ఇయ్యి,” అంది. “అయితే గివి తీస్కో అక్కా. అడుగునే తిరుగుతయి. గుంపుగుంటెనే మంచిగుంటయి, ఆరు తీస్కో.” బురదరంగు, పొట్టి తోక, మీసాలు. పదిహేనేళ్ల వృత్తిలో ఆమె ఇంత వెలవెలబోయే రంగును ఎన్నడూ ఎంచలేదు.

వాటిని తొట్టెలో వదలగానే ఫైటర్ మొప్పలు ఉబ్బించి కిందికి దిగింది. మీసాలవాళ్లు తలెత్తకుండా ఇసుక వెతుక్కుంటున్నారు. కొట్లాటకు తగ్గ మొహం ఒక్కటీ దొరక్క, అది రెక్కలు ముడుచుకుని పైకి పోయింది. అప్పటిదాకా తొట్టె మీదికి వంగి చూస్తున్న సాయిలత కుర్చీలో కూలబడింది.

“నచ్చినయా దానికి?” అన్నాడు రమేశ్.

“నచ్చలే. ఊకుంటుంది. సంసారానికి గంత చాలు.”